కట్ట నొప్పి

శనివారం పొద్దున ఏడు గంటలకు కొమురెల్లికి ఎడమ రొమ్ములో నొప్పి మొదలైంది. అది తన నొప్పో, చెరువు కట్ట నొప్పో అతనికి తెలియలేదు.

చేతిలోని చాయ్ గ్లాసు పక్కనున్న రాయి మీద పెట్టాడు. లోతుగా ఊపిరి పీల్చి చూశాడు. తగ్గలేదు. నాలుగడుగులు నడిచి చూశాడు. పెరగలేదు. ఎవరో బొటనవేలితో లోపలి నుంచి నొక్కి పట్టుకున్నట్టు నొప్పి ఒకే చోట నిలబడి ఉంది.

ఎదురుగా నీలంపల్లి చెరువు నిండుగా ఉంది. వారం రోజుల వానలకు నీళ్లు నలభై ఒకటో అడుగు గీతను ముట్టుకున్నాయి. ఒడ్డున హంస బొమ్మల బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. రేపు ఆదివారం పడవల పోటీ. పార్కు గేటు నుంచి బోటు మెట్ల దాకా రంగు కాగితాల తోరణాలు కట్టి, మైకు కూడా పెట్టేశారు.

తొంభై ఏళ్ల కిందట పొలాల కోసం పోసిన మట్టి కట్ట అది. ఇప్పుడు పొలాల్లేవు. కట్ట కింద, ఒకప్పుడు కాలువలు పారిన చోట, నాలుగు వందల ఇండ్ల కాలనీ లేచింది. చెరువుకు ఇప్పుడున్న పనల్లా ఆదివారాలు జనాన్ని బోట్లెక్కించడమే. పొలాలున్న రోజుల్లో కట్టకు ఏమైనా అయితే రైతులే పలుగూ పారా పట్టుకుని వచ్చేవాళ్లు. బోటెక్కేవాళ్లు నీళ్లను చూస్తారు, కట్టను చూడరు. చూసేవాడు ఒక్కడే. గేట్లు తిప్పడానికి, కట్టకు బుంగ పడిందేమో వెతకడానికి సర్కారు పెట్టుకున్న లష్కర్ కొమురెల్లి. యాభై ఎనిమిదేళ్ల మనిషి.

అతని చొక్కా కింద, నడుము చుట్టూ, నాలుగు వేళ్ల వెడల్పున్న నల్లటి పట్టీ ఉంది. అనుమానమంతా దానివల్లే.

టికెట్ కౌంటర్ వెనక గదిలోకి వెళ్లాడు. డాక్టర్ నుస్రత్ కంప్యూటర్ ముందు కూర్చుని అటుకులు తింటోంది. హైదరాబాదులో నరాల మీద పరిశోధన చేసే మనిషి. పదహారు నెలలుగా వారంలో నాలుగు రోజులు ఈ గదిలోనే మకాం.

"మేడం, తూము కాడ నొస్తంది."

నుస్రత్ వెంటనే స్క్రీన్ వైపు తిరిగింది. ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. కొమురెల్లి "మోకాలు చల్లగైంది" అంటే కట్ట రెండొందల మీటర్ల దగ్గర తడి చేరిందని అర్థం. "నడుము గుంజుతుంది" అంటే నాలుగొందల దగ్గర మన్ను కుంగుతోందని అర్థం.

కట్ట పొడవునా, పదకొండు వందల మీటర్లూ, వెంట్రుకంత సన్నని గాజు తీగలు పాతించింది ఆమె. మన్ను కదిలినా తడిసినా తీగ వణుకుతుంది. ఆ వణుకును పట్టీ కొమురెల్లి వెన్నులోని నరాలకు అందిస్తుంది. మొదటి మూడు నెలలు అతనికి ఒంటి మీద చీమలు పాకినట్టు ఉండేది, అంతే. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఆగి, "మేడం, నా కుడి పాదం మీద మేక నడుస్తుంది" అన్నాడు. నుస్రత్ బయటికి పరుగెత్తింది. కట్ట కుడి కొసన ఒక మేక తీరిగ్గా గడ్డి మేస్తోంది. ఆమె గదిలోకి వచ్చి తలుపేసుకుని పది నిమిషాలు ఏడ్చింది. పన్నెండేళ్ల పని అది.

ఆ తర్వాత మూడుసార్లు కంప్యూటర్ ఏమీ లేదన్న చోట కొమురెల్లి ఉందన్నాడు. మూడుసార్లూ తవ్విస్తే బుంగ దొరికింది. కంప్యూటర్ ఒక్కో వణుకునూ విడిగా చూసి, చిన్నదని వదిలేస్తుంది. తన ఒంటికి తగిలినదాన్ని మెదడు అలా వదలదు.

ఇప్పుడు స్క్రీన్ మీద కట్ట బొమ్మ ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా ఉంది.

"ఏమీ చూపించడం లేదు, కొమురన్నా. ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే. చాయ్ తాగుతుంటే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. నుదుటి మీద చెమట.

"చెమట ఎందుకు పోస్తోంది?"

"నడిచొచ్చిన గద."

"రోజూ నడిచే వస్తారుగా."

కొమురెల్లి కుర్చీలో కూర్చున్నాడు. నుస్రత్ అతని మణికట్టు పట్టుకుంది. నాడి నూట నాలుగు. అప్పుడు ఆమెకు, పదహారు నెలల తర్వాత మొదటిసారి, ఒక సంగతి తట్టింది.

కట్టను ఒంటి మీద ఎక్కడెక్కడ పరుచుకోవాలో కొమురెల్లినే చెప్పమంది తను. అతనికి ఇష్టమైన చోటైతే మెదడు తొందరగా ఒప్పుకుంటుందని. కట్ట కుడి కొసను అతను కుడి పాదంలో పెట్టుకున్నాడు. ఎడమ కొసను ఎడమ చేతి వేళ్లలో. నడుమ, ఆరు వందల మీటర్ల దగ్గర, పాత తూము ఉంది. నలభై ఏళ్ల కిందట రాయీ సున్నంతో మూసేసిన తూము. కట్ట మొత్తంలో నమ్మరాని చోటు అదే. కొమురెల్లి తాతా, నాన్నా ఆ తూము తిప్పిన మనుషులు. "గది చెరువుకు గుండెకాయ మేడం" అని ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుని చూపించాడు. గదిలో ఉన్నవాళ్లంతా ముచ్చటపడ్డారు. ఒకాయన ఫోటో కూడా తీశాడు. గుండెకే నొప్పి వస్తే ఎలా అని ఒక్కరూ అడగలేదు.

నుస్రత్ పట్టీ విప్పబోయింది. కొమురెల్లి ఆమె చెయ్యి ఆపాడు.

"తీసినా పోదు మేడం. మొన్న జ్వరమొచ్చినప్పుడు తీసిన్రు గదా. పొద్దుమూకే దాంక ఒంటికి అలలు కొడుతనే ఉండె."

నిజమే. తెగిపోయిన కాలు దురద పెట్టినట్టు, పట్టీ తీసినా మెదడు కట్టను గంటల తరబడి పట్టుకునే ఉంటుంది. పట్టీ విప్పితే తేలే సంగతి కాదు.

ఆమె 108కి ఫోన్ చేసింది. అంబులెన్సు పక్క మండలంలో ఉంది, రావడానికి నలభై నిమిషాలు. జిల్లా ఆసుపత్రి అక్కడి నుంచి ఇంకో గంట. ఫోన్లో వాళ్లు చెప్పినట్టే సొరుగులోంచి ఆస్ప్రిన్ మాత్ర తీసి నమిలించింది.

నమిలి, మొహం చేదుగా పెట్టి, కొమురెల్లి అడిగాడు. "నేను పోతే కట్ట ముచ్చట ఎవరు చెప్తరు?"

నుస్రత్ మళ్లీ అతని నాడి పట్టుకుంది. ఇది కట్ట నొప్పే అయితే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది. అప్పుడు కొమురెల్లికేమీ కాలేదన్నమాట, తన పరికరం నాలుగోసారి గెలిచిందన్నమాట. ఆ రెండింటిలో ఏది ముందు తోచిందో గుర్తొచ్చి సిగ్గుపడింది.

కొమురెల్లి భార్య బాలమణికి కబురు ఎవరు చేరవేశారో గానీ, ఐదు నిమిషాల్లో గదిలో ఉంది. పార్కు గేటు దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతుంది. చేతికి బొగ్గు మసి అలాగే ఉంది. మొగుడి ముఖం ఒక్కసారి చూసి, చెంగుతో అతని నుదురు తుడిచింది.

"ఎంతసేపాయె?"

"పావుగంట. ఏం లేదే, తూము కాడ..."

"తూము నోరు మూయి. కంటికింద నల్లగైంది నీకు. తూముకు కంటికింద నల్లగైతదా?" నుస్రత్ వైపు తిరిగింది. "మేడం, ఈయన నొప్పి మీకు తెల్వదు. నాకు తెలుసు. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. తోలుకపోదాం పాండ్రి."

"అంబులెన్సు వస్తోందమ్మా."

"వచ్చినా ఎక్క," అన్నాడు కొమురెల్లి. గొంతు పెద్దది చేయలేదు. "ఇది కట్టదైతే కింద నాలుగొందల ఇండ్లు. నేనెక్కి పోతే ఆగమైతది."

"నీదైతే?"

"నాదైతే ఒక్కన్నే గద."

బాలమణి మసి చేతిని చీరకు తుడుచుకుంది, రెండుసార్లు.

అప్పుడే లోపలికి వచ్చాడు నీటిపారుదల శాఖ ఏఈ యుగంధర్. చెరువు అతని కిందిదే. ముప్పై ఏళ్లుంటాయి. రేపటి పోటీకి మంత్రిగారు వస్తారని తెల్లవారుజామున ఐదింటి నుంచి ఫోన్లోనే ఉన్నాడు. సంగతి విని, మారు మాట్లాడకుండా మోటారు సైకిలెక్కి పాత తూము దగ్గరికి వెళ్లి, మెట్లు దిగి చూసి వచ్చాడు.

"ఎండిపోయి ఉంది. చెమ్మ కూడా లేదు. కొమురెల్లీ, ఆసుపత్రికి పో. కట్టను నేను చూసుకుంటా."

"ఏం చూస్తరు సార్? స్క్రీన్ పచ్చగుంది, తూము ఎండి ఉన్నది. మీరు గేట్లు తీస్తరా?"

యుగంధర్ అబద్ధమాడే రకం కాదు. "తీయలేను. ఏ ఆధారంతో తీయాలి? చెరువు దించితే పోటీ ఆగుతుంది. ఎందుకు దించావంటే లష్కర్‌కు రొమ్ములో నొప్పి వచ్చిందని రాయాలా?"

బయట మైకు పరీక్షిస్తున్నారు. "హలో, హలో, ఒకటి, రెండు, మూడు."

"కొట్టి చూద్దాం," అంది నుస్రత్.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"కట్ట మీద ఒకచోట దెబ్బ వేస్తే ఆ దెబ్బ కొమురన్నకు ఒంట్లో ఒకచోట తెలుస్తుంది. నొప్పి ఉన్నచోటే దెబ్బా తెలిస్తే అది కట్టది. ఎంత కొట్టినా నొప్పిని దెబ్బ తాకకపోతే అది ఆయనది. అంబులెన్సుకు ఇంకా ముప్పై నిమిషాలుంది."

"వట్టి చేత్తో కొడితే తెల్వదు," అన్నాడు కొమురెల్లి. "దిమ్మిస గావాలె."

దిమ్మిస సామాన్ల గదిలో ఉంది. మన్ను గట్టిపరచడానికి వాడే ఇనప మొద్దు, నిలువు కర్రకు బిగించి ఉంటుంది. ఎనిమిది కిలోల బరువు. యుగంధర్ ఎత్తబోతే బాలమణి పక్కకు జరిపింది.

"నీకు రాదు సార్. నీళ్లల్ల రాయి ఏసినట్టు ఏస్తవ్. ఈ కట్ట మీద ఆరేండ్లు దిమ్మిస కొట్టిన నేను."

కొమురెల్లిని పార్కులో సందర్శకులను తిప్పే బ్యాటరీ బండిలో ఎక్కించి కట్ట మీదికి తెచ్చారు. ఐదొందల అరవై మీటరు రాయి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి, తూము వైపు వీపు పెట్టి కూర్చోబెట్టారు. బాలమణి ఎక్కడ కొడుతోందో అతనికి కనబడకూడదు. నుస్రత్ అతని చొక్కా గుండీలు విప్పింది. నొప్పి ఎంత మేర ఉందో వేలితో చూపించమని, దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసింది. అరచేతంత ఉంది.

వెనక నుంచి బాలమణి అడిగింది. "ఎంత గట్టిగ కొట్టాలె?"

"రోజూ కొట్టినట్టే కొట్టు."

"రోజూ నీ రొమ్ము మీద కొడ్తున్ననా?"

కొమురెల్లి నవ్వాడు. నవ్వితే నొప్పి దవడలోకి పాకింది. అది ఎవరికీ చెప్పలేదు.

మొదటి దెబ్బ ఐదొందల తొంభై దగ్గర. కొమురెల్లి వేలు పెట్టాడు. రొమ్ము ఎముక పక్కన, గీసిన గుండ్రానికి రెండంగుళాలు ఇవతల. నుస్రత్ అక్కడ చుక్క పెట్టింది. ఆరొందల దగ్గర, సరిగ్గా పాత తూము మీద, రెండో దెబ్బ. ఆ చుక్క కూడా గుండ్రం బయటే పడింది.

"తూము కాదు," అన్నాడు యుగంధర్. అతని గొంతులో ఊరట నుస్రత్‌కు వినబడింది.

"ఇంకా ముందుకు పోనివ్వండి," అంది.

ఆరొందల నాలుగు. ఆరొందల ఎనిమిది. చుక్కలు అంచుకు చేరాయి. బాలమణి దిమ్మిస ఎత్తిన ప్రతిసారీ మొగుడి వీపు వైపు చూస్తోంది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ వీపు కొంచెం ముడుచుకుంటోంది. ఆరొందల పన్నెండు దగ్గర ఎత్తిన దిమ్మిస దించడానికి ఆమెకు చేతులు రాలేదు.

"కొట్టు మణీ," అన్నాడు కొమురెల్లి, వెనక్కి చూడకుండానే.

కొట్టింది.

కొమురెల్లి కుర్చీలోంచి సగం లేచాడు. "ఈడ! గిదే! పుండు మీద పొడిసినట్టు!" గుండ్రం పై సగంలో, నడిమధ్యన వేలు గుచ్చి పెట్టాడు.

యుగంధర్ అప్పటికే కిందికి దిగుతున్నాడు. ఆరొందల పన్నెండో మీటరు కింద కట్ట వెనక వైపంతా సర్కారు తుమ్మ కంప. పదేళ్లుగా మనిషి దూరని చోటు. చొక్కా చించుకుంటూ లోపలికి దూరాడు. నిమిషం తర్వాత కంపలోంచి అతని గొంతు వచ్చింది, ఏఈ గొంతులా కాదు, చిన్నపిల్లాడి గొంతులా.

"ఎర్ర నీళ్లు! బొటనవేలంత బుంగ! ఎర్రగా వస్తున్నాయి!"

మట్టి కట్ట ఏదైనా కొంచెం ఊరుతుంది. తేట నీళ్లు వస్తే భయం లేదు. ఎర్ర నీళ్లు వస్తున్నాయంటే నీళ్లతో పాటు లోపలి మన్నూ వస్తోందని. బొటనవేలంత బుంగ బిందెంత కావడానికి ఒక్క పూట చాలు. బిందెంత అయ్యాక ఇక చెయ్యగలిగింది లేదు.

పైకి వచ్చేసరికి యుగంధర్ ఒళ్లంతా ముళ్ల గీతలు. ఎవరినీ అడగకుండా ఫోన్ తీశాడు. "రెండు గేట్లూ ఎత్తండి. పూర్తిగా. పోటీ లేదు, గీటీ లేదు. నేను రాసిస్తా, ముందు ఎత్తండి." తర్వాత పోలీసులకు. తర్వాత మైకు దగ్గరున్న కుర్రాళ్లకు. పడవల పోటీ కోసం కట్టిన మైకులోనే కాలనీ జనాన్ని ఇండ్లు ఖాళీ చేసి గుట్ట మీది బడికి పొమ్మని చెప్పడం మొదలైంది.

నుస్రత్ ఆ మాటలేవీ వినడం లేదు. కొమురెల్లి రొమ్ము మీది చుక్కలను చూస్తోంది. చుక్కల వరస గుండ్రం పై సగంలోకే పోయింది. కింది సగంలో ఒక్కటీ లేదు.

"కొమురన్నా, ఇక్కడ?" కింది సగం మీద వేలు పెట్టింది. "ఇక్కడ దెబ్బ తెలిసిందా?"

కొమురెల్లి ఆలోచించాడు. "లేదు మేడం. గది లోపలున్నది. ఎడమ చెయ్యి దాంక, దవడ దాంక పోతంది. దానికి మణి దెబ్బ తగుల్తలేదు."

బాలమణి దిమ్మిస కింద పడేసింది.

రెండు నొప్పులు. ఒకటి కట్టది, ఒకటి అతనిది. ఒకదాని నీడలో ఒకటి దాక్కుని ముప్పావుగంట సేపు అందరినీ మోసం చేశాయి.

అంబులెన్సు కట్ట మీదికి వచ్చింది. స్ట్రెచర్ దించుతుండగా దూరంగా గేట్లు లేచాయి. నీళ్లు బుసకొడుతూ వాగులో పడ్డాయి. కొమురెల్లి ఒక్కసారిగా మెలికలు తిరిగిపోయాడు. చెరువు దిగుతుంటే కట్ట లోపలి మన్ను జరుగుతుంది. ఆ జరుగుడంతా అతని రొమ్ములో జరుగుతోంది. నుస్రత్ పట్టీ లాగి పారేసింది. అయినా ఆగలేదు. మెదడు పట్టుకున్నదాన్ని వదలడం లేదు. నాడి నూట యాభై దాటింది.

ఆపడానికి ఒక దారి ఉంది. పట్టీలోనే ఉంది. ఒక్కసారి పంపితే మెదడులో తూము నుంచి ఎడమ కొస దాకా కట్టకు కేటాయించిన చోటంతా మొద్దుబారిపోయే సంకేతం. ఎలుకల మీద తప్ప వాడలేదు. ఎలుకల్లో సగానికి ఆ చోట స్పర్శ మళ్లీ రాలేదు.

నుస్రత్ కొమురెల్లి వైపు చూసింది. మాట్లాడే స్థితిలో లేడు. బాలమణి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, విను. కట్ట నొప్పి ఇప్పుడే తీసెయ్యగలను. తీస్తే దానితో పాటు ఆయన ఎడమ రొమ్ము, ఎడమ చెయ్యి కూడా ఆయనకు తెలియకుండా పోవచ్చు. ఎప్పటికీ. తియ్యకపోతే ఆసుపత్రి దాకా గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేను. ఏం చెయ్యమంటావు?"

పదహారు నెలల్లో ఆమె బాలమణిని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"తీసెయ్యి," అంది బాలమణి. "మనిషి మిగిలితే చాలు. తెల్వంది నేను చూసుకుంట."

నుస్రత్ పట్టీని మళ్లీ అతని నడుముకు ఆనించి మీట నొక్కింది. కొమురెల్లి ముఖంలో బిగువు మెల్లగా సడలింది. అంబులెన్సు తలుపులు మూసుకున్నాయి.

చెరువు దిగడానికి ఏడు గంటలు పట్టింది. కాలనీ వాళ్లు గుట్ట మీది బడి కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు. కొందరు కుక్కర్లు కూడా పట్టుకెళ్లారు, అక్కడే అన్నం వండుకున్నారు. బుంగ చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. మధ్యాహ్నం మూడింటికి ఆరొందల పన్నెండో మీటరు దగ్గర కట్ట పైభాగం జానెడు కుంగింది. అక్కడితో ఆగింది. గండి పడలేదు.

జిల్లా ఆసుపత్రిలో కొమురెల్లి గుండెనాళంలో స్టెంటు వేశారు. నాలుగో రోజు డాక్టరు సూదితో అతని రొమ్ము మీద అక్కడక్కడ తాకుతూ పోయాడు. మెడ ఎముక నుంచి పక్కటెముకల దాకా, ఎడమ చేతి చిటికెన వేలి దాకా, కొమురెల్లికి ఒక్క పోటూ తెలియలేదు. డాక్టరు బాలమణిని బయటికి పిలిచి చెప్పాడు.

"ఈయనకు మళ్లీ గుండెపోటు వచ్చినా నొప్పి తెలియదు. మీరు కనిపెట్టి ఉండాలి."

రెండు నెలలు గడిచాయి.

చెరువు ఇంకా ఖాళీగానే ఉంది. నెర్రెలిచ్చిన ఒండ్రు మీద హంస బోట్లు పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. కట్టను ఆరొందల మీటర్ల దగ్గర అడుగంటా తవ్వి, బంకమట్టితో మళ్లీ పోస్తున్నారు. రోలర్లు తిరుగుతున్నాయి. ఆ కట్ట మీదికి ఒక బుధవారం పదిన్నరకు వ్యాన్ వచ్చింది. అందులోంచి పదకొండు మంది లష్కర్లు దిగారు. పదకొండు పాత చెరువుల వాళ్లు. ప్రయోగం రెండు మీటర్ల తేడా లేకుండా బుంగను చూపించిందని పై నుంచి అనుమతి వచ్చింది, పదకొండు పట్టీలు తయారయ్యాయి. ముందు కొమురెల్లిని చూసి రమ్మని యుగంధరే వాళ్లను పంపాడు. ఒప్పుదల కాగితాలు నుస్రత్ చేతిలో ఉన్నాయి.

లష్కర్లు కొమురెల్లి చుట్టూ చేరారు. చాయ్ తెప్పించారు. వాళ్లలో పొట్టిగా, మీసాలతో ఉన్న మనిషి అందరి తరఫునా అడిగాడు.

"నొప్పి ఉంటదా అన్నా?"

"ఉంటది. నొప్పి లేకుంటే ఎందుకు పనికొస్తది?"

"ఇప్పుడెట్లున్నది?"

కొమురెల్లి చొక్కా పై గుండీలు విప్పాడు. "గిచ్చు."

"ఏంది?"

"ఈడ గిచ్చు. సిగ్గుపడకు."

మీసాల మనిషి మొహమాటంగా గిచ్చాడు. "ఇంక గట్టిగ," అన్నాడు కొమురెల్లి. అతను గట్టిగా గిచ్చాడు. చర్మం ఎర్రబడింది. కొమురెల్లి చెరువు వైపు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. మీసాల మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముందు ఈడ నేనుంటి. తర్వాత నేనూ కట్టా ఇద్దరం ఉంటిమి," అన్నాడు కొమురెల్లి. "ఇప్పుడు ఎవరూ లేరు."

"మల్ల పట్టీ ఇస్తే కట్టుకుంటవా?"

"నన్నడిగితే కట్టుకుంటనే అంట. అందుకే నన్నడగొద్దు." పక్కన కూలీల కోసం కంకులు కాలుస్తున్న బాలమణి వైపు తల ఊపాడు. "ఈమెనడుగు."

బాలమణి పదకొండు మందినీ వరసగా చూసింది.

"ఆ పొద్దు నాలుగొందల ఇండ్లు దక్కినయ్. తప్పు చేసిండని నేననను. గాని పొద్దుగాల లేవంగనే నేను ఈయన మొకం చూస్త. పగటీలి చూస్త. బువ్వ తినేటప్పుడు చూస్త. కొంచెం ఆయాసపడితే నాడి పట్టి చూస్త. ఆయన కట్టను చూసినట్టు నేను ఆయనను చూస్తున్న. నాకెవరూ నేర్పలే, పట్టీ ఇయ్యలే. మీ ఇండ్లల్ల గట్ల చూసేటోళ్లున్నరా? వాళ్లకు చెప్పొచ్చిన్రా?"

ఒకడు చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. రోలరు అటు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది.

నుస్రత్ కాగితాలను మడిచింది.

"ఇవాళ సంతకాలు వద్దు. ఎల్లుండి మీ ఇంట్లోవాళ్లను తీసుకుని రండి. ముందు వాళ్లతో మాట్లాడతాను. వాళ్లు వద్దంటే వద్దు."

"మా ఆమె ఒప్పుకోదు మేడం," అన్నాడు మీసాల మనిషి. "ఒట్టేసి చెప్తున్న, ఒప్పుకోదు."

"అయితే మీకు పట్టీ ఉండదు."

"మరి మా కట్ట?"

నుస్రత్ కట్ట వైపు తిరిగింది. తవ్విన చోట కట్ట లోపలి మన్ను కనబడుతోంది, తొంభై ఏళ్ల నాటిది, ఇంకా ఎర్రగా.

"దానికి ఇంకో దారి వెతుకుతాను," అంది చివరికి. "అది నా పని. మీ ఒంటి పని కాదు."

కాగితాలు సంచిలో పెట్టుకుంది. లష్కర్లు ఒక్కొక్కరే వ్యాన్ వైపు నడిచారు. కొందరు ఊరటగా, కొందరు చిన్నబుచ్చుకున్నట్టు. డ్రైవరు హారన్ కొట్టాడు. మీసాల మనిషి ఒక కాలు వ్యాన్ మెట్టు మీద పెట్టి, ఆలోచించి, దిగి వెనక్కి వచ్చాడు. బాలమణి ముందు నిలబడ్డాడు.

"వదినా, ఏమేం చూడాలె? ఒకేళ మా ఆమె సరే అంటే, చెప్పాలె గద."

బాలమణి మసి చేతిని చీరకు తుడుచుకుని, అతని ముందు అయిదు వేళ్లూ తెరిచి పట్టుకుంది. ఒక వేలు మడిచింది.

"ముందుగాల చెమట," అంది.